ప్లాటినం పాయింటు

మోటారు బండ్లను గురించి మాట్లాడుకునేటప్పుడు మనవారు ఇంజను పరిమాణాన్ని, వేగాన్ని, ధరను ప్రస్తావిస్తారు. ఆ బండిని నిజానికి నడిపించే నిప్పురవ్వను మాత్రం అది రాని రోజున తప్ప ఎవరూ తలచుకోరు. నేను ఈ కళాశాలలో భౌతికశాస్త్రం చదివిన రోజులలో ప్రేరణ చుట్టను గురించి నాలుగు పుటల సమాధానం వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. సాయంత్రం గుంటూరులోని మా నాన్నగారి మెకానిక్ షెడ్డుకు వెళితే అదే వస్తువు గ్రీజు పూసుకొని బల్లమీద పడి ఉండేది. అక్కడ దాని పేరు కాయిల్. తరగతిలో దాని సూత్రం తెలిసినవారున్నారు, షెడ్డులో దాని స్వభావం తెలిసినవారున్నారు. ఉభయులూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగా నేను చూడలేదు.

సూత్రం సులభమైనదే. బ్యాటరీ నుండి వచ్చే 12 వోల్టుల విద్యుత్తు కాయిల్‌లోని ప్రాథమిక చుట్టలో ప్రవహించి అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తుంది. ఆ ప్రవాహాన్ని హఠాత్తుగా తెంచితే క్షేత్రం కుప్పకూలి, వేల చుట్లున్న రెండవ తీగలో ఇరవై వేల వోల్టుల వరకు పుడుతుంది. అదే ప్లగ్గు దగ్గర రవ్వ అవుతుంది. తెంచే పని చేసేది డిస్ట్రిబ్యూటరులోని చిన్న లోహపు జంట. మన మెకానిక్కులు దానిని ప్లాటినం అంటారు. అది విడివడే క్షణంలో అగ్గి లేవకుండా కండెన్సరు కాపాడుతుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు డేటన్ నగరవాసి చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ పద్ధతి 1910 నాటి కాడిలాక్ కారులో ప్రవేశించి, అటుపిమ్మట అరవై ఏళ్లకు పైగా ప్రపంచాన్ని ఏలింది. ఎనిమిది సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఆ లోహపు జంట సెకనుకు 200 సార్లు విడిపోయి కలుసుకోవాలి. అంత చాకిరీ చేసే వస్తువు అరగడంలో వింత లేదు.

ఉద్యోగరీత్యా నేను స్థిరపడిన మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివారున, మా పొరుగింట ఒక వృద్ధుడున్నారు. జీవితమంతా కార్ల కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. ఆయన షెడ్డులో 1967 నాటి పాంటియాక్ జీటీఓ ఉంది. మధ్యతరహా కారులో పెద్ద ఇంజను పెట్టకూడదని సంస్థ నియమం ఉండగా, పాంటియాక్ ఇంజనీర్లు కొందరు ఆ నియమానికి సందు వెదికి 1964లో పుట్టించిన బండి ఇది. మజిల్ కార్ అనే మాటకు మొదట అర్థం కల్పించిన వాటిలో ఇదొకటి. ఆయన బండిలోని ఇంజను 400 ఘనపు అంగుళాలది, అంటే సుమారు 6.6 లీటర్లు, 335 అశ్వశక్తి. మన అంబాసిడరుది 1489 సి.సి. నాలుగు అంబాసిడర్లు కలిసినా దీనికి చాలవు! కాని మూత విప్పి చూస్తే రెండింటిలోనూ రవ్వ పుట్టే విధానం ఒక్కటే.

ఆ బండిని మనుమరాలికి ఇవ్వాలని ఆయన సంకల్పం. అయితే బండి రెండు వేసవుల పాటు షెడ్డు దాటలేదు. పాయింట్ల మధ్య వెంట్రుకంత సందును సరిచేయడానికి ఆయన కళ్లు సహకరించడం లేదు, వేళ్లు వణుకుతున్నాయి. మనుమరాలికి ఆ పని రాదు. ఎలక్ట్రానిక్ పద్ధతికి మార్చుదామని ఆ అమ్మాయి అడిగితే ఆయన ససేమిరా అన్నారు. ఆయన వాదన మూర్ఖమైనది కాదు. పాయింటు చెడిపోయేముందు హెచ్చరిస్తుంది, బండి మిస్సింగ్ చూపిస్తుంది, దారి పక్కన ఆగి ఆకురాయితో రుద్దుకుంటే ఇల్లు చేరవచ్చు. ఎలక్ట్రానిక్ పెట్టె చచ్చిపోతే చెప్పకుండా చస్తుంది, దానిని ఎవరూ బాగుచేయలేరు. అదీగాక, కర్మాగారం నుండి వచ్చిన రూపం చెడిపోతే అది తన బండి ఎలా అవుతుందని ఆయన ప్రశ్న. నా మనస్సు కూడా ఆయన పక్షానే ఉండేది. తాత, మనుమరాలు ఆ విషయమై మాట్లాడుకోవడం మానివేసే వరకు వచ్చింది. బండి అమ్మివేస్తానని కూడా ఆయన ఒక రోజున అన్నారు.

2018 వేసవిలో నాన్నగారు మా ఇంటికి వచ్చారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, వృద్ధునికి తెలుగు రాదు. డిస్ట్రిబ్యూటరు మూత విప్పగానే దుబాసీతో అవసరం తీరిపోయింది. ఆ మూతకు పక్కన ఒక చిన్న కిటికీ ఉంటుంది. ఇంజను నడుస్తూండగానే అందులోంచి అలెన్ కీ దూర్చి, తడబాటు వినిపించే వరకు తిప్పి, అక్కడి నుండి అరచుట్టు వెనక్కు రావాలి. కన్నుకంటె చెవికి ఎక్కువ పని. ఆ ఏర్పాటు చూసి నాన్నగారు చిన్నపిల్లవాడిలా సంబరపడ్డారు. అంబాసిడరుకు ఈ సదుపాయం లేదు. ఇంజను ఆపి, స్క్రూ వదులుచేసి, ఫిల్లర్ గేజి దూర్చి చూడాలి.

ఆయన కూడా పాతదే ఉంచమంటారని నేను ఎదురుచూశాను.

“మార్చెయ్యమనరా,” అన్నారు. “ప్లాటినంలో మహత్తేముంది? అరగడమే దాని పని. ఒకసారి మంగళగిరి దగ్గర అర్ధరాత్రి టాక్సీ ఆగిపోయింది. లోపల నొప్పులు పడుతున్న మనిషి ఉంది. నేను సైకిలు మీద వెళ్లి గీకి పంపించాను. నేను దొరికాను కాబట్టి సరిపోయింది. బండి నడిపేవాళ్లకు రాని పని బండి అడగకూడదు.”

ఈ మాటలను నేను అనువదించి చెప్పగా వృద్ధుడు చాలాసేపు మౌనం వహించారు. పిమ్మట, పాత సామాను డిక్కీలోనే ఉండాలని ఒక షరతు పెట్టి ఒప్పుకున్నారు. పనిముట్లతోనే జీవించినవారికి వాటిమీద భ్రాంతి తక్కువని, దూరం నుండి చూసే మాబోటివారికే ఎక్కువని అప్పుడు నాకనిపించింది. ఇక రూపం చెడిపోతుందన్న వాదానికి వస్తే, 1973 నాటికి క్రైస్లర్, 1975 నాటికి జనరల్ మోటార్స్ తమంత తామే పాయింట్లను విడిచిపెట్టాయి. పొగను అదుపుచేసే చట్టాలు వచ్చిన తరువాత అరిగిపోయే రవ్వతో వారికీ సాగలేదు.

పని ఒక మధ్యాహ్నంలో ముగిసింది. పాయింట్లు, కండెన్సరు తీసివేసి, షాఫ్టుతో పాటు తిరిగే ఎనిమిది అయస్కాంతాల చట్రాన్ని, దాని ప్రక్కన కదలక కూర్చుండే చిన్న పెట్టెను బిగించారు. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావమే ఇందులో పనిచేస్తుంది. అయస్కాంతం ఎదుటికి రాగానే పెట్టె గ్రహించి కరెంటును తెంచుతుంది. తాకిడి లేదు కనుక అరుగుదల లేదు. మూత వేసిన తరువాత బయటికి రెండు తీగలు తప్ప మరేమీ కనిపించదు. జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. పాయింట్లు త్వరగా కాలిపోకుండా, ఇంజను నడిచేటప్పుడు కాయిల్‌కు పూర్తి 12 వోల్టులు చేరకుండా, కర్మాగారంవారు నిరోధపు తీగ ఒకటి అమర్చారు. కొత్త పెట్టెకు ఆ తగ్గిన వోల్టులు చాలవు. అందుచేత తాళం తిప్పినప్పుడు మాత్రమే ప్రాణం వచ్చే వేరొక తీగను ఫ్యూజుల పెట్టె నుండి తెచ్చుకోవలసివచ్చింది. ఇంజను ఆగి ఉండగా తాళం అలాగే వదిలితే పెట్టె మాడిపోయే ప్రమాదముంది. ఈ మాటను వృద్ధుడు మనుమరాలి చేత మూడుసార్లు అప్పగింత పెట్టించుకున్నారు. చివరకు వాక్యూమ్ గొట్టం ఊడదీసి, రంధ్రం మూసి, టైమింగ్ దీపంతో గుర్తు సరిచూశారు.

ప్రకటనలలో చెప్పినట్లు అశ్వశక్తి పెరిగిందని నేననను. పికప్పులో నాకు తేడా తెలియలేదు. సెల్ఫు కొట్టిన వెంటనే ఇంజను అందుకుంటున్నది, ఐడ్లింగులో తడబాటు లేదు, అంతే.

డెట్రాయిట్ చెంత వుడ్‌వర్డ్ రాజమార్గంలో 1995 నుండి ఏటా ఆగస్టు మూడవ శనివారం నాడు పాత కార్ల యాత్ర జరిగే ఆనవాయితీ ఉంది. ఆ ఏడు పాంటియాక్‌ను మనుమరాలే నడిపింది. ముందు సీటులో తాతగారు, వెనుక సీటులో నాన్నగారు కూర్చున్నారు. అంతకు వారం ముందు ఆ అమ్మాయి, తనకిక అక్కరలేకపోయినా, పాత పాయింట్లను బల్లమీద బిగించి సందు పట్టడం నాన్నగారి దగ్గర నేర్చుకున్నది. ఆ పాయింట్లు, కండెన్సరు, ఫిల్లర్ గేజి, అలెన్ కీ ఒక రేకు పెట్టెలో డిక్కీలో ఉన్నాయి. వాటిని తీయవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.