గట్టెక్కడం

సెకండియర్‌లో పాథాలజీ పోయింది. ఆ వెనకే నిద్ర కూడా పోయింది.

నార్కట్‌పల్లిలో మా రూమ్ కిటికీ తెరిస్తే హైదరాబాద్–విజయవాడ హైవే. రాత్రంతా లారీల చప్పుడు వింటూ పడుకునేవాణ్ణి. సెర్ట్రలిన్ ఎలా పనిచేస్తుందో ఎవరడిగినా చెప్పగలను. నాకేమవుతోందో మాత్రం అమ్మకి చెప్పలేకపోయాను. "తిన్నవా బిడ్డా?" "తిన్న." అంతే, ఫోన్ పెట్టేసేవాణ్ణి.

ఒక తెల్లవారుజామున రూమ్మేట్ దుప్పటి లాగేశాడు. "నిద్రెట్లాగూ పడ్తలేదు గద, లెవ్వు. గట్టుకు పోదాం."

గట్టంటే చెర్వుగట్టు, జడల రామలింగేశ్వరుడి గుట్ట. సగం మెట్లకే ఆయాసం. మొదటిరోజు ఏ అద్భుతమూ జరగలేదు, కాళ్లు నొప్పులు పుట్టాయంతే. కానీ ఎక్కుతున్నంతసేపూ ఫెయిలైన సంగతి గుర్తుకు రాలేదు. ఊపిరి తీసుకోవడమే పెద్ద పనైపోయింది. నెల తిరిగేసరికి రాత్రి నాలుగైదు గంటలు కన్ను మూతపడసాగింది.

1999లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు డిప్రెషన్ ఉన్న 156 మందిని మూడు జట్లు చేశారు. ఒకరికి వ్యాయామం, ఒకరికి సెర్ట్రలిన్, ఒకరికి రెండూ. 16 వారాల తర్వాత మూడు జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. కాకపోతే మందు ముందుగా పనిచేసింది. పైగా వాళ్లంతా యాభై దాటినవాళ్లు, మాలాంటి విద్యార్థులు కాదు. నేను మాత్రం నాకు అనుకూలమైన సగమే చదువుకుని, మెట్లుంటే చాలు, డాక్టరెందుకని తప్పించుకు తిరిగాను.

ఒక అమావాస్య మర్నాడు వెళ్తే గుట్టంతా జనం. రాత్రి నిద్ర చేసినవాళ్లు చాపలు చుట్టుకుంటున్నారు. కొబ్బరికాయలమ్మే అవ్వ అడిగింది: "రోజు ఎక్కుతున్నవ్, ఏం మొక్కుకున్నవ్ బిడ్డా?"

"ఏం లేదవ్వా."

"ఏం లేకుంటే ఎవరెక్కుతరు?"

చుట్టూ చూశాను. ఒంట్లో బాగోలేదనో, ఇంట్లో బాగోలేదనో వీళ్లంతా నలుగురి మధ్యా ఒప్పుకుని వచ్చినవాళ్లే. తెల్లకోటు వేసుకునే నాకే నోరు రాలేదు.

ఆ సోమవారం సైకియాట్రీ ఓపీలో చీటీ రాయించుకున్నాను, తోటివాళ్లు చూస్తుండగానే. కొన్ని నెలలు మందు వాడాను. గుట్టెక్కడమూ మానలేదు.

ఇప్పుడు జూనియర్లెవరైనా నిద్ర పట్టట్లేదంటే పొద్దున్నే వెంట తీసుకెళ్తాను. దిగేటప్పుడు మాత్రం టెలిమానస్ నంబర్ 14416 వాళ్ల ఫోన్‌లో ఎక్కించి, ఓపీ ఏ రోజో చెప్తాను.