వరద తీశాక విన్న పాట

1986 ఆగస్టు. గోదావరికి అంత వరద మేమెవరం అంతకుముందు చూడలేదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. పినపాకలో ఏటి పక్కనున్న మా చేను మునిగిపోయింది. నీళ్లు తీశాక చూస్తే పైరు లేదు, ఇసుక మేటలే మిగిలాయి.

నాన్న వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మ పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది.

ఓ సాయంత్రం పక్కింటి రేడియోలో ‘పాతాళభైరవి’ పాట వచ్చింది. రాకుమారి మీద మనసుపడి వెర్రెత్తిపోయే రాణిగారి తమ్ముడు... అదే, మన రేలంగి పాడే పాట. నాన్న తలెత్తాడు.

‘‘ఆ గొంతు రేలంగిదేరా! తన పాట తనే పాడుకున్నాడు’’ అన్నాడు నవ్వుతూ. వారం తర్వాత ఆయన నోట విన్న మొదటి మాట అదే.

ఆ రాత్రి అరుగు మీద కూర్చుని రేలంగి గురించి చెప్పాడు. కొంత నాన్న చెప్పిందే, మిగతాది తర్వాత నేను చదివి తెలుసుకున్నది. 1910లో పుట్టిన రేలంగి వెంకట్రామయ్య కాకినాడ నాటకాల్లో ఆడవేషాలు కట్టాడు, పద్యాలు పాడాడు. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’తో సినిమాల్లోకి వచ్చాడు. కానీ పేరు రాలేదు. దర్శకుడు సి.పుల్లయ్య దగ్గర చెప్పిన పనల్లా చేస్తూ, చిన్నాచితకా వేషాలతో ఏళ్లు నెట్టుకొచ్చాడు. 1949లో ‘గుణసుందరి కథ’, 1951లో ‘పాతాళభైరవి’ వచ్చాక ఆయన తెర మీద కనబడితే చాలు, జనం నవ్వడం మొదలెట్టారు. 1955లో ‘మిస్సమ్మ’లోనూ తన పాటలు తనే పాడుకున్నాడు. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1975లో కన్నుమూశాడు.

‘‘అన్నేళ్లు ఎదురుచూశాడు గదా, ఆ మనిషి గొంతులో ఏడుపు వినబడిందా?’’ అని అడిగాడు నాన్న. నాకు జవాబు తోచలేదు. తెల్లారి విత్తనాలకు అప్పు అడగడానికి వెళ్లాడు.

2022 జులైలో గోదావరి మళ్లీ 71.3 అడుగులకు వచ్చింది. మా పత్తి చేను పోయింది. అప్పటికి నాన్న లేడు. మా అబ్బాయి గోడకు ఆనుకుని పలక్కుండా కూర్చున్నాడు. నాకు ధైర్యం చెప్పడం చేతకాదు. ఫోన్లో ఆ పాట వెతికి పెట్టాను.

సగం పాటయ్యాక వాడు అడిగాడు... ‘‘ఎవరు నాన్నా ఈయన?’’

వాడి పక్కనే చతికిలబడి, కాకినాడ నుంచి మొదలుపెట్టాను.