పెద్దవారికి ఏ మాట?

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో, తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు అనేకం స్థిరపడి ఉన్నాయి. మరమగ్గాల మోత నడుమ పెరిగి, ఇంగ్లీషు చదువుకొన్న అక్కడి మనుమడొకడు తన తాత కోసం అర్జీ వ్రాయవలసి వచ్చింది.

మొదట 'ఓల్డ్ వీవర్' అని వ్రాశాడు. మనసొప్పక కొట్టివేశాడు. 'ఏజ్డ్' అన్నది మందుల చీటీలోని మాటవలె తోచింది. 'ఎల్డర్లీ'లో గౌరవం ఉన్నా, ఎవరి చేయో పట్టుకొని నడిచే మనిషి కనిపించాడు. చివరకు 'సీనియర్ సిటిజన్' దగ్గర కలం ఆగింది.

ఈ తడబాటు ఆ యువకుడిది మాత్రమే కాదు. ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల సంఘం సైతం 1995లో, వాడుకలో ఉన్న పలు పదాలను పరిశీలించి 'ఓల్డర్ పర్సన్స్' అన్న మాటను ఎంచుకొన్నది. భారత ప్రభుత్వపు 1999 నాటి జాతీయ విధానం కూడా ఆ మాటనే స్వీకరించింది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం శీర్షికలోకి మాత్రం 'సీనియర్ సిటిజన్స్' వచ్చి చేరారు. 'ఓల్డర్' అంటే ఎవరికన్నా పెద్ద? ఇంగ్లీషు ఆ సంగతి చెప్పదు. తెలుగులో తాత అంటే ఎవరికో తాత. కరీంనగర్ పల్లెల్లో తండ్రిని పిలిచే 'బాపు' అన్న పిలుపే గుజరాత్‌లో పెద్దలపట్ల గౌరవవాచకం. ఆ ఒక్క మాటకు లింబాయత్‌లో తర్జుమా అవసరం పడదు. సంస్కృతంలోనైతే వృద్ధుడు, వృద్ధి ఒకే ధాతువు నుండి పుట్టినవి. అయినా 'వృద్ధుడు' అనిపించుకోవడానికి నేడు ఎవరూ ఇష్టపడరు. మాటలకూ వయసు మీదపడుతుంది కాబోలు!

చట్టం దృష్టిలో 60 ఏళ్ళు నిండినవారే సీనియర్ సిటిజన్లు. మగ్గం అంతవరకు ఆగదు. ఏళ్ళ తరబడి ఆ మోతలో నిలబడినవారికి వినికిడి ముందుగానే తగ్గుతుంది. తెగిన పోగును పట్టే చూపు మందగిస్తుంది. ఆ నడిమి సంవత్సరాలకు ఇంగ్లీషులో గాని తెలుగులో గాని మర్యాదైన పేరేదీ లేదు.

అర్జీ పూర్తయినది. మనుమడు గట్టిగా చదివి, తెలుగులో అర్థం చెప్పాడు. తాత చెవి ఒగ్గి విన్నాడు.

"మంచిగనే ఉన్నది బిడ్డా. మరి నేను సాంచా నడిపిన సంగతి రాసినవా?"

మనుమడు కాగితం వంక చూశాడు. 'వీవర్' అన్న మాట కొట్టివేసిన తొలి పంక్తిలోనే ఉండిపోయింది. అతడు మరొక తెల్లకాగితం తీసుకొన్నాడు.