నాబోతు ఎందుకు అమ్మలేదు?



రాజులు మొదటి గ్రంథము 21వ అధ్యాయము ఒకసారి తెరవండి. అహాబు మొదట నాబోతు తోటను ఊరికే ఇమ్మనలేదు. ఇంతకంటె మంచి తోట ఇస్తానన్నాడు, కాదంటే వెల ఇస్తానన్నాడు. లోకం దృష్టిలో అది మంచి బేరమే. కానీ నాబోతుకు అది పితరుల స్వాస్థ్యము. దానికి వెల లేదు.

ఈమధ్య హైదరాబాదు వెళ్లి తార్నాకలో ఒక విశ్వాసి ఇంట్లో బస చేసినప్పుడు, ఈ అధ్యాయము మమ్మల్ని మళ్లీ పట్టుకుంది. మా సంఘపు తమ్ముడొకడు ఉస్మానియా యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదువుతున్నాడు. కోయ కుటుంబం. ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల నీడలో కూర్చుని మాకు తన పాఠాలు చెప్పాడు.

గోదావరి లోయలో బొగ్గు దొరికే రాళ్లను గోండ్వానా రాళ్లు అంటారట. అది గోండుల దేశం పేరు. ఇండియా, ఆస్ట్రేలియా ఒకే నేలగా ఉన్న పూర్వకాలపు ఖండానికీ ఆ పేరే. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది.

బొగ్గుబాయిలో బొగ్గు తీశాక లోపల ఖాళీ మిగులుతుంది. దాన్ని ఇసుకతో నింపాలి, లేదా పైకప్పును కూలనివ్వాలి. కూలితే పైనున్న నేల కుంగుతుంది, బీటలు వారుతుంది. నింపడానికి వాడే ఇసుక తరచూ నదిలోనుంచి తెచ్చేవారు. ఎటు చూసినా నీటికే దెబ్బ. ఆస్ట్రేలియాలో సిడ్నీకి దక్షిణాన, కాటరాక్ట్ నది కింద ఇలాగే తవ్వితే నది అడుగు పగిలి నీళ్లు ఇంకిపోయాయి. అది ధరావల్ ఆదివాసుల పూర్వీకుల నేల.

అప్పుడు తమ్ముడు అడిగాడు: "అయ్యగారూ, మా అమ్మమ్మ వాగు ఒడ్డున చెట్టుకు మొక్కేది. మనం మొక్కము. రేపు దాని కింద తవ్వితే మనం బాధపడాలా?"

ప్రియులారా, ఇది సులువైన ప్రశ్న కాదు. మన మందిరంలో ఫ్యాను తిరిగేది బొగ్గు కరెంటుతోనే. మన సంఘంలో బాయి జీతంతో బిడ్డలను చదివించుకున్న ఇళ్లున్నాయి. వారి చెమటను మేము తక్కువ చేయము.

అయినా ఒక్కటి ఆలోచించండి. మనం సమాధులకు మొక్కము. మన నిరీక్షణ పునరుత్థానములో ఉంది. అయితే మన సమాధుల తోట కింద తవ్వుతాం, పరిహారం తీసుకోండి అంటే ఒప్పుకుంటామా? మన తల్లిదండ్రులను పడుకోబెట్టిన చోటు అంటాము. ఆ అమ్మమ్మా అదే అంటుంది. మొక్కడం వేరు, పొరుగువాని స్వాస్థ్యాన్ని కాపాడడం వేరు. రెండవది మనకు ఆజ్ఞ.

2013లో ఒడిశాలోని నియమగిరి కొండల కేసులో, డోంగ్రియా కోంధుల ఆరాధన హక్కు సంగతి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడిది బాక్సైటు గని. అడిగిన 12 గ్రామసభలూ వద్దన్నాయి. నాబోతు కాదన్నందుకు రాళ్లదెబ్బలు తిన్నాడు. వీరి "కాదు" నిలబడింది.

కాబట్టి మీ ఊరిలో గ్రామసభ పెడితే ఇంట్లో కూర్చోకండి. వెళ్లండి. మన విశ్వాసం కాని పెద్దమ్మ మాట్లాడుతుంటే ఆమె పక్కన నిలబడండి.

ప్రార్థన: తండ్రీ, నదులను చేసినవాడవు నీవే. పొరుగువాని స్వాస్థ్యానికి వెల కట్టని మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.