బూజు గడ్డి

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను మా కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. ఇల్లు నిలబడింది గానీ గడ్డివామి అడుగుదాకా తడిసి బూజు పట్టింది. కొత్త గడ్డి కావాలంటే కోతల దాకా ఆగాలి.

ఎండబెట్టి వేస్తే గేదె వాసన చూసి తల తిప్పేసుకుంది. "పసువుకి నోరు నేదు గానీ ముక్కుంది బావూ, పారేసీ" అన్నాడు తాత. ఇంటర్ చదువుతున్న నాకు తెలివెక్కువ కదా! తవుడూ బెల్లం నీళ్లూ కలిపి పెట్టాను. తినేసింది. గెలిచాననుకున్నాను. వారం తిరక్కుండా మేత మానేసింది, పాలు సగానికి పడిపోయాయి.

కాలేజీకి వచ్చాక చదివాను. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషం వదులుతాయి. ఎండకి బూజు ఎదగడం ఆగుతుంది గానీ విషం మిగిలే ఉంటుంది. మేతలోని బి1 పశువు కాలేయంలో ఎం1గా మారి పాలల్లోకి వస్తుంది. కాచినా పోదు. అందుకే కిలో పాలల్లో అది 0.5 మైక్రోగ్రాము దాటకూడదని మన దేశంలో నిబంధన.

మా గడ్డిలో అది ఉందో లేదో ఎవరూ పరీక్షించలేదు. ఆ వారమంతా ఆ పాలే మా చెల్లి తాగింది.

ఇప్పుడు రాళ్ల మీద దుంగలు పరిచి వామి వేస్తున్నాం. సెలవులకి వెళ్తే గేదెకి గడ్డి నేనే వేస్తాను. అది వాసన చూసి నోరు పెట్టేదాకా అక్కడే నిలబడతాను.