రెండు చుక్కల తీర్థం

నా నవలల్లో చచ్చిపోయేవాళ్లు చాలా అదృష్టవంతులు. తెల్లటి దుప్పటి మీద పడుకుని, అయినవాళ్లందరూ చుట్టూ నిలబడి ఉండగా, ఒక్కొక్కరికీ ఒక్కొక్క అప్పగింత పెట్టి, రెండు పేజీలు మాట్లాడి, అప్పుడు తల వాలుస్తారు. చదివి ఏడ్చామని ఉత్తరాలు రాసే పాఠకురాళ్లు ఉన్నారు కదా అని నేనూ ఆ పద్ధతి మార్చలేదు.

మొన్నొక ఆదివారం అలాంటి ఘట్టమే రాస్తూ కూచున్నాను. మా పై ఫ్లాట్ అమ్మాయి కరివేపాకు కోసం వచ్చింది. ఇక్కడే, హైదరాబాదులో ఒక పెద్దాస్పత్రిలో ఐ.సి.యు. నర్సు. నేను వంటింట్లోకి వెళ్లి వచ్చేలోగా బల్లమీది కాగితాలు చదివేసింది.

"ఆంటీ, ఈవిడని వెంటిలేటర్ మీద పెట్టారని రాశారు. మళ్లీ ఇంతసేపు ఎలా మాట్లాడింది?" అంది.

"ఏం? మాట్లాడకూడదా?"

"నోట్లోంచి వేసిన గొట్టం స్వరతంత్రుల మధ్యగా లోపలికి పోతుంది. ఇంక గొంతెక్కడ పెగుల్తుంది? చాలామందిని మత్తులో కూడా ఉంచుతాం."

బి.ఏ. చదువుకున్న నాకు ఈ సంగతి ఎవరు చెప్పారు గనక! సిగ్గుపడి కాఫీ కలిపిచ్చాను. ఆ కాఫీ సగం తాగి, మిగతా సగం చల్లారబెట్టి, ఆ పిల్ల ఒక సంగతి చెప్పింది.

2021 మే నెల. కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న రోజులు. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఒక నర్సు ఉండాల్సిన చోట ఈ పిల్ల ఒక్కతే నలుగురిని చూసేదట. పి.పి.ఇ. సూటు తొడుక్కుంటే మళ్లీ విప్పేదాకా మంచినీళ్లు లేవు, బాత్రూము లేదు.

ఆ నలుగురిలో ఒక పెద్దావిడ. పదకొండో రోజు. మూత్రపిండాలు కూడా పనిచెయ్యడం మానేశాయి. ఇక తిరిగి రాదని డాక్టర్లకీ తెలుసు, ఈ పిల్లకీ తెలుసు. అయినా పొద్దున్నే రక్తం తియ్యాలి, గొట్టంలో కఫం లాగాలి. "గుచ్చినప్పుడల్లా మనసులో 'క్షమించు అమ్మమ్మా' అనుకునేదాన్ని ఆంటీ" అంది.

ఆవిడ కొడుకు కింద పార్కింగులో స్కూటరు మీదే కూచుని ఉండేవాడు. లోపలికి ఎవర్నీ రానివ్వరు. రోజుకోసారి ఈ పిల్ల ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఫోను ఆవిడ మొహం ముందు పట్టుకునేది. ఆ రోజు ఆయన, "తల్లీ, అమ్మ నోట్లో రెండు చుక్కలు తులసి తీర్థం పొయ్యమ్మా" అన్నాడు. ఆయన తెచ్చిన సీసా గేటు దగ్గరే ఆపేశారు.

"మా దగ్గరున్న నీళ్లతోనే పెదాలు తడుపుతానండీ అన్నాను. దూది ముంచాను కూడా. ఇంతలో పక్క మంచం దగ్గర అలారం మోగింది. పరిగెత్తాను. అతను కుర్రాడు, బతికాడు. నేను వెనక్కొచ్చేసరికి ఈవిడ లేదు."

కాసేపు ఊరుకుంది.

"తర్వాత ఆయన ఫోన్లో అడిగాడు, 'పోశావా తల్లీ?' అని. 'పోశానండీ' అన్నాను."

ఏమనాలో నాకు తోచలేదు. "మంచి పనే చేశావమ్మా" అనబోయి నాలిక్కరుచుకున్నాను. అంత చవగ్గా తీరే బాధ కాదది.

ఈ బాధకి ఒక పేరుందట. తర్వాత ఆస్పత్రిలో క్లాసు పెట్టినప్పుడు చెప్పారట. 'మోరల్ డిస్ట్రెస్' అంటారు. మనం ధర్మవేదన అనుకోవచ్చునేమో. ఆండ్రూ జేమ్టన్ అనే అమెరికన్ తత్త్వవేత్త 1984లో నర్సుల వృత్తిధర్మం గురించి పుస్తకం రాస్తూ ఆ మాట వాడాడు. ఏది చెయ్యాలో మనిషికి తెలుసు. కానీ నిబంధనలో, పరిస్థితులో చెయ్యనివ్వవు. చావులు చూడటం వాళ్ల ఉద్యోగంలో ఉన్నదే. మనసును కోసేది ఇది.

మాటల్లో పాలియేటివ్ కేర్ సంగతి వచ్చింది. "అంటే ఇక చేసేదేం లేదని చేతులెత్తెయ్యడమే కదా!" అన్నాను. ఆ పిల్లకి కోపం వచ్చింది. "అందరూ అదే అంటారు. నొప్పి తగ్గించడం, ఆయాసం తగ్గడానికి కొద్ది మోతాదులో మార్ఫిన్ ఇవ్వడం, అక్కర్లేని సూదులు మానడం, ఇంట్లోవాళ్లని కూచోబెట్టి ఉన్నమాట నెమ్మదిగా చెప్పడం, ఎండిన పెదాలు తడపడం... ఇవన్నీ చెయ్యడం కాదా ఆంటీ? నయం చేసే వైద్యంతో పాటు కూడా చెయ్యొచ్చు."

ఈ మార్గానికి ఆద్యురాలైన సిసిలీ సాండర్స్ కూడా మొదట నర్సేనట. తర్వాత డాక్టరై, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్ వంటివారు మొదలుపెడితే, కేరళలో ఊళ్లవాళ్లే చెయ్యీ చెయ్యీ కలిపి ఇంటింటికీ తీసుకెళ్లారు. ఆ కేరళకే వెళ్లి ఈ పని నేర్చుకుంటానని మా అమ్మాయి దరఖాస్తు పెట్టింది.

ఇక్కడితో ఆపితే నాకు గౌరవంగా ఉండేది. కానీ ఇంకొక మాటుంది.

2020 మార్చి 22న సాయంత్రం అయిదింటికి మీలాగే నేనూ బాల్కనీలో నిలబడి, డాక్టర్లూ నర్సుల కోసం చప్పట్లు కొట్టాను. చాలక స్టీలు పళ్లెం మీద గరిటెతో కూడా వాయించాను. నెల తిరక్కుండా మా అపార్టుమెంటువాళ్లు సమావేశమై, ఈ అమ్మాయి లిఫ్టు ఎక్కకూడదని తీర్మానించారు. తప్పని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. కాగితం నా దగ్గరికొస్తే సంతకం పెట్టాను. రాత్రి డ్యూటీ చేసొచ్చిన పిల్ల నాలుగంతస్తులు కాళ్లీడ్చుకుంటూ ఎక్కేది.

ఏది చెయ్యాలో తనకీ తెలుసు, నాకూ తెలుసు. తనకి అలారం మోగింది. నాకు ఏ అలారమూ మోగలేదు, ఏ గేటూ అడ్డం లేదు. అయినా ఇన్నేళ్లుగా నిద్ర చెడగొట్టుకుంటున్నది మాత్రం ఆ పిల్ల!

ఆదివారం అదంతా చెప్పేశాను. చెప్పి తలొంచుకున్నాను.

"తెలుసు ఆంటీ. మెట్లెక్కుతుంటే మీ తలుపు సందులోంచి మీరు చూడటం చాలాసార్లు చూశాను" అంది. కోపంగా అనలేదు. క్షమించాననీ అనలేదు.

కరివేపాకు తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"నవల్లో ఆవిడని మాట్లాడించకండి ఆంటీ. పక్కన ఎవర్నయినా కూచోబెట్టండి, చాలు."

ఆ రాత్రే రెండు పేజీలూ కొట్టేశాను. మంచం పక్కన ఒక స్టూలు వేశాను. దానిమీద ఎవరు కూచుంటారో ఇంకా రాయలేదు.