బేసిన్ కిందికి ఓసారి వంగండి

ఏమండీ, చేతిలో పనేం లేదు కదా? అయితే లేచి మీ వాష్ బేసిన్ కిందికి ఓసారి వంగి చూడండి. నడుం పట్టేసిందా? సరే, కూర్చునే వినండి. గోడలోంచి బయటికొచ్చి, అక్కడికక్కడే పైకి తిరిగి, సన్నటి కనెక్షన్ పైపుకి నీళ్ళందిస్తూ తళతళలాడే పిడికెడు వస్తువు ఒకటుంటుంది. కొట్లో యాంగిల్ కాక్ అన్నా ఇస్తారు, యాంగిల్ వాల్వ్ అన్నా ఇస్తారు. ఇవాళ్టి కబుర్లన్నీ దాని గురించే.

ఇంతకీ మీ ఇంట్లో ఇవి ఎన్నున్నాయో చెప్పండి చూద్దాం. బీరువాలో పట్టుచీరలెన్నో ఠక్కున చెప్తారు వదినగారూ, ఇవి మాత్రం తెలీదు! నేను చెప్పనా? బేసిన్ కింద చన్నీళ్ళకొకటి, వేణ్ణీళ్ళుంటే ఇంకొకటి. ఫ్లష్ ట్యాంకు పక్కన ఒకటి. హెల్త్ ఫాసెట్‌కి ఒకటి. గీజరు కింద రెండు. రెండు బాత్‌రూములుంటే అక్కడికే డజను. వంటింట్లో సింకు కింద, నీళ్ళ ఫిల్టరు దగ్గర ఉన్నవి వేరే. ఇంత బలగం ఇంట్లో పెట్టుకుని ఒక్కరోజు పలకరించకపోతే ఎలాగండీ?

ఒక్కటే వస్తువు, ఎన్ని పనులు చేస్తుందో చూడండి. గోడలోంచి నీళ్ళు అడ్డంగా వస్తాయి. కుళాయేమో పైనుంటుంది. ఆ 90 డిగ్రీల మలుపు గొట్టాన్ని తిరగమంటే నలిగి మడతపడుతుంది. ఇది తన ఒంట్లోనే మలుపు తిప్పేస్తుంది. ధార మరీ జోరుగా ఉంటే తగ్గిస్తుంది. అన్నిటికన్నా గొప్ప పని, కావాల్సినప్పుడు ఆ ఒక్క మూలకే నీళ్ళు కట్టేస్తుంది.

ఈ మూడో పని విలువ తెలియాలంటే ఆదివారం పొద్దున్న గుర్తు తెచ్చుకోండి. ఫ్లష్ ట్యాంకు ఆగకుండా కారుతోంది. యాంగిల్ కాక్ లేని ఇల్లయితే ఎవరో ఒకరు మేడెక్కి మెయిన్ వాల్వ్ కట్టేయాలి. కట్టేశారు. ఇంకేముంది, కింద బాత్‌రూములో కుంకుడు పులుసు కళ్ళలోకి కారుతూ ఒకరు కేకలు! వంటింట్లో సగం కడిగిన బియ్యం. అదే యాంగిల్ కాక్ ఉంటే ట్యాంకు పక్కనే చెయ్యిపెట్టి తిప్పితే సరి. మిగతా ఇల్లు తలంట్లతో, అంట్లతో హాయిగా నడిచిపోతుంది.

ఇప్పుడు ఓ చిక్కుముడి. దీన్ని అందరూ అరంగుళం కాక్ అంటారు కదా? స్కేలు తెచ్చి, గోడలోకి వెళ్ళే మరల మీద పెట్టి కొలవండి. అరంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. మీకొచ్చేది దాదాపు 21! కొట్టువాడు మోసం చేశాడని తగువుకెళ్ళకండి. ఆ అరంగుళం పాతకాలపు ఇనప గొట్టం లోపలి బోలు కొలత. దానికి గొట్టం మందం కలుపుకుంటే బయట దాదాపు 21 అయింది. కాలంతో గొట్టాలు మారాయి గానీ పేరు, మరలు అలాగే ఉండిపోయాయి. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన మరలన్నీ ఒకే తీరున ఉండాలని ఓ పద్ధతి పెట్టాడు. మర వాలు 55 డిగ్రీలు. మన అరంగుళం కాక్ మీద మరలు ఇప్పటికీ ఆ వాలులోనే ఉంటాయి, అంగుళానికి 14 చొప్పున. అందుకే ఒక కంపెనీ కాక్ గోడలో ఉండే ఇంకో కంపెనీ ఎల్బోలోకి చక్కగా ఎక్కుతుంది. ముచ్చటగా లేదూ?

అమెరికాలో ఉన్న అబ్బాయి సరదాపడి అక్కణ్ణుంచి బేసిన్ కుళాయి తెచ్చాడనుకోండి, మన ప్లంబరు తల గోక్కునేది ఇక్కడే. అక్కడ అరంగుళం గొట్టానికీ అంగుళానికి 14 మరలే, కానీ వాలు 60 డిగ్రీలు. రెండు మూడు చుట్లు బాగానే ఎక్కి, ఆపైన పట్టేస్తుంది, కారుతుంది. పైగా బేసిన్ కింద గొట్టాలు అక్కడ మామూలుగా అరంగుళం కన్నా చిన్నవి. అబ్బాయిని నొప్పించకండి, మధ్యలో వేసే అడాప్టర్ అడగండి.

లోపలి సంగతికొద్దాం. పాతరకం కాక్‌లో స్పిండిల్, దాని కొసన రబ్బరు వాషరు. తిప్పీ తిప్పీ మూయాలి. వాషరు అరిగి బొట్టుబొట్టు కారితే మనవాళ్ళేం చేస్తారు? ఇంకా గట్టిగా బిగిస్తారు! దాంతో వాషరు ఇంకాస్త తెగుతుంది. వాషరు మార్పించండి మహాప్రభో, చవక వ్యవహారం.

కొత్తరకంలో పావు చుట్టు చాలు. లోపల పింగాణీ జాతి బిళ్ళలు రెండు, అద్దంలా సాపుగా అరగదీసి ఒకదానికొకటి అతికినట్టు పెడతారు. బూందీ గరిటెలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి పైది తిప్పినట్టే, చిల్లులు కలిస్తే ధార, తప్పుకుంటే బందు. రబ్బరులా అరిగిపోయే రకం కాదు. దీనికి శత్రువు ఇసుక. కొత్త ఇంట్లో గొట్టాల్లో మిగిలిన సిమెంటు పలుకు ఒక్కటి మధ్యలో చిక్కితే గీత పడుతుంది. అందుకే కాక్ బిగించేముందు గొట్టంలోంచి కాసేపు నీళ్ళు వదిలేయమనండి. ఇంట్లో ప్రెషర్ పంపు ఉంటే మాత్రం టక్కున మూయకండి. పరిగెడుతున్న నీళ్ళు ఒక్కసారి ఆగితే గొట్టాలు దబ్బుమంటాయి.

ప్లాస్టిక్ రకమూ ఉంది, పీటీఎంటీ అంటారు. తేలిక, తుప్పు లేదు, ధర తక్కువ. చన్నీళ్ళ దగ్గర నాకేం అభ్యంతరం లేదు. గీజరు వేడినీళ్ళ వైపు మాత్రం ఇత్తడే పెట్టించండి, ఈ విషయంలో నేను రాజీపడను.

అయితే మెరిసేదంతా ఇత్తడేనా? జింకు మిశ్రమంతో పోతపోసి పైన అదే క్రోమ్ పూత వేసినవీ ఉంటాయి. బిగిస్తుంటేనే మెడ దగ్గర పుటుక్కుమంటాయి. మర ముక్క గోడలోనే ఉండిపోతుంది, దాన్ని తియ్యడం పెద్ద తద్దినం. అయస్కాంతం తీసుకెళ్తానంటారా? ఇత్తడికీ అంటదు, జింకుకీ అంటదు. దానికన్నా కాక్ నోట్లోకి తొంగిచూడండి. పూత పెద్దగా పాకని లోపలి వైపు పచ్చగా ఉంటే ఇత్తడి, బూడిదరంగులో ఉంటే ఇంకోటి. తర్వాత అరచేతిలో తూచి చూడండి, ఇత్తడికి బరువెక్కువ. ఇత్తడి భాగాలకి పేరున్న ఊరు గుజరాత్‌లోని జామ్‌నగర్. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ కొట్ల వెంట తిరుగుతూ ఇలా ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకు చూడ్డంలో ఎంత కాలక్షేపమో!

టూ ఇన్ వన్ చూశారా? గోడలోంచి ఒక్క నోరు, బయటికి రెండు దారులు, రెండు పిడులు. ఒకటి ఫ్లష్ ట్యాంకుకి, ఒకటి హెల్త్ ఫాసెట్‌కి. నాకు భలే ఇష్టమైన రకం. హెల్త్ ఫాసెట్ గురించి ఒక్క మాట. మీట వదిలేస్తే నీళ్ళు ఆగాయనుకుంటాం గానీ కాక్ తెరిచున్నంతసేపూ ఆ గొట్టం నిండా ఒత్తిడే. ఎప్పుడో ఓ రోజు పగులుతుంది. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు పాలవాడికి చెప్పినంత శ్రద్ధగా ఆ కాక్ కట్టేసి వెళ్ళండి.

బోరు నీళ్ళ ఇళ్ళవాళ్ళకి ఇంకో మాట. తాగేనీళ్ళలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపుంటే మంచిదంటుంది భారతీయ ప్రమాణం, వేరే దిక్కులేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. బోరు నీళ్ళు చాలాచోట్ల ఆ మొదటి గీత ఎప్పుడో దాటేశాయి. ఆ సున్నమంతా కాక్ లోపల పేరుకుంటుంది. ఏళ్ళతరబడి తిప్పకుండా వదిలేస్తే, అవసరమైన రోజున కదలనంటుంది. కాబట్టి అప్పుడప్పుడూ అన్నిటినీ ఓసారి మూసి తెరవండి. పిల్లలకి అప్పజెప్పండి, పోటీలుపడి తిప్పుతారు. బయటి తెల్లమరకలకి నిమ్మచెక్క చాలు, వెంటనే కడిగేయాలి సుమా, పులుపు నానితే పూత పోతుంది. ట్యాంకులోకి ధార సన్నబడిందా? కొన్ని కాక్‌లకి లోపల బుల్లి జాలీ ఉంటుంది, దాన్నిండా నలకలుంటాయి. కడిగి పెట్టేయండి.

అసలు సొగసంతా బిగించడంలో ఉందండీ. ముందు గోడ కన్నం కప్పే ఫ్లాంజి తొడగాలి. మర్చిపోతే అంతా విప్పి మళ్ళీ మొదటికి. టైల్స్ మందం పెరిగి మర గోడలోకి పోతే ఎక్స్‌టెన్షన్ నిపిల్ వేస్తారు. వెనకటికి దారం, పెయింటు చుట్టేవారు, ఇప్పుడు టెఫ్లాన్ టేపు. బిగించే దిక్కుకే చుట్టాలి, లేకపోతే బిగిస్తుంటే లేచొచ్చేస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాత. కాక్ గట్టిగా బిగుసుకోవాలి, బిగిసేసరికి దాని నోరు సరిగ్గా పైకే చూడాలి. కొంచెం దాటితే వెనక్కి తిప్పడానికి లేదు, వెనక్కొస్తే కారుతుంది. ఇంకో చుట్టు ముందుకి తోద్దామంటే గోడలో ఎల్బో పగలొచ్చు. పనితెలిసినవాడు చేతి స్పర్శతోనే పసిగట్టి, విప్పి, టేపు ఓ చుట్టు పెంచో తగ్గించో మళ్ళీ ఎక్కిస్తాడు. ఈసారి మీ ఇంటికి ప్లంబరొస్తే ఆ చివరి పావు చుట్టు దగ్గర నిలబడి చూడండి. అప్పుడు మాత్రం ఆయన్ని పలకరించకండి, కాఫీ కూడా పనయ్యాకే ఇవ్వండి.